ఎంహెచ్‌గ్యాప్ హ్యుమానిటేరియన్ గైడ్: వరద శిబిరంలో డాక్టరు బల్ల మీద పనికొస్తుందా?

యుద్ధాలు, వరదలు, భూకంపాలప్పుడు మామూలు ఎంబీబీఎస్ డాక్టరు, నర్సు కూడా మానసిక సమస్యలకు తొలి వైద్యం చేయగలగాలన్న ఉద్దేశంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ కలిసి 2015లో తెచ్చిన చేతిపుస్తకం ఇది. పేరు ఎంహెచ్‌గ్యాప్ హ్యుమానిటేరియన్ ఇంటర్వెన్షన్ గైడ్. ఎంహెచ్‌గ్యాప్ అంటే మానసిక వైద్యం అందని చోట ఆ లోటు పూడ్చడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ నడిపే కార్యక్రమం. వాడేవాళ్లు హిగ్ అంటారు. అరవై పేజీలకు అటూఇటూ ఉంటుంది. పీడీఎఫ్ ఉచితం. సైకియాట్రిస్టుల కోసం రాసింది కాదు. సైకియాట్రిస్టు దొరకని చోట రోజుకు వంద ఓపీ చూసేవాళ్ల కోసం రాసింది.

అవసరం ఎంతో చెప్పడానికి ఒక్క లెక్క చాలు. ఘర్షణలు జరిగిన ప్రాంతాల్లో ఏ సమయంలో చూసినా 22.1 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. అందులో తీవ్రమైనవి 5 శాతం. మన తుఫాను శిబిరాలకు ఈ అంకెను అలాగే అతికించలేం కానీ, జనం వచ్చే వరస మాత్రం అదే. వాళ్లు 'మానసిక సమస్య' అని చెప్పుకుంటూ రారు. తల భారం, గుండె దడ, ఒంట్లో సత్తువ లేదు, నాలుగు రోజులుగా నిద్ర లేదు అంటూ జ్వరాల క్యూలోనే నిలబడతారు.

పుస్తకంలో పది అంశాలున్నాయి: తీవ్రమైన ఒత్తిడి, ఆప్తుల మరణం వల్ల దుఃఖం, డిప్రెషన్, పీటీఎస్‌డీ (ఘోరం జరిగి నెలలు గడిచినా వెంటాడే భయం), సైకోసిస్ (లేనివి కనపడటం, వినపడటం లాంటి తీవ్రమైన మనోవ్యాధి), మూర్ఛ, మేధో వైకల్యం, మద్యం–మాదకద్రవ్యాలు, ఆత్మహత్యలు, వీటిలో దేనికీ చెందని ఇతర బాధలు. ప్రతి అంశానికీ ఒకటే అచ్చు. ముందు అడగాల్సిన ప్రశ్నలు, తర్వాత చేయాల్సినవి, చివర మందుల పట్టిక. ఎప్పుడు తిరిగి రమ్మనాలో, ఎప్పుడు పెద్దాసుపత్రికి పంపాలో అక్కడికక్కడే ఉంటుంది. ఒక సాయంత్రం కూర్చుంటే మొత్తం చదివేయొచ్చు. ఓపీ మధ్యలో అర నిమిషంలో కావలసిన పేజీ తెరవొచ్చు. ఇలాంటి గైడుకు ఇది చిన్న గుణమేమీ కాదు.

ఇందులో అన్నిటికన్నా విలువైనవి 'చేయకండి' అని చెప్పిన వాక్యాలు. విపత్తు జరిగిన నెలలోపు వచ్చే భయం, ఉలికిపాటు, నిద్రలేమి, ఏడుపు లాంటి లక్షణాలకు నిద్రపుచ్చే డయాజిపామ్ గానీ యాంటీడిప్రెసెంట్ (డిప్రెషన్ మందు) గానీ రాయొద్దంటుంది. పెద్దవాళ్లలో నిద్రలేమి రోజువారీ పనిని బొత్తిగా ఆపేస్తుంటే, రిలాక్సేషన్ లాంటివి కుదరకపోతే మాత్రం 3 నుంచి 7 రోజులు, రోజుకు 2–5 మిల్లీగ్రాముల డయాజిపామ్ చాలంటుంది. ఆయాసంతో వేగంగా ఊపిరి తీసుకునేవాళ్ల మూతికి కాగితం సంచి పెట్టొద్దంటుంది. పక్క తడిపే పిల్లల్ని కొట్టకుండా చూడమని, విపత్తు తర్వాత ఇది మామూలేనని తల్లిదండ్రులకు చెప్పమంటుంది. 'ఇతర బాధలు' అధ్యాయంలో ఇంకో ముక్క ఉంది, అది మన దగ్గర గోడకు అంటించుకోవాల్సింది: విటమిన్ ఇంజెక్షన్లు, పనిచేయని ఇతర చికిత్సలు ఇవ్వొద్దు. శిబిరానికి వెళ్లినవాళ్లకు తెలుసు, 'బలానికి ఒక సూది వేయండి, ఒక గ్లూకోజు ఎక్కించండి' అన్న మాట గంటకు పదిసార్లు వినపడుతుంది. సూది వేస్తే రోగి సంతోషంగానే వెళ్తాడు. రెండు రోజులకు అదే నొప్పితో మళ్లీ వస్తాడు, ఈసారి ఇంకో ఇద్దరిని తోడు తెస్తాడు. బాధ ఒంట్లోనే ఉందన్న నమ్మకాన్ని డాక్టరే గట్టిచేసినట్లవుతుంది.

సూది వేయకపోతే ఏం చేయాలి? గైడు సమాధానం సూటిగానే ఉంటుంది. నొప్పి నిజమేనని ఒప్పుకోవాలి, అవసరమైన పరీక్ష ఒకసారి చేసి ఆపాలి, ఈ బాధకు కారణం ఏమనుకుంటున్నారని రోగినే అడగాలి, ఆ సంభాషణలోంచి ఇల్లు, అప్పు, పోయిన గేదె, కనపడని మనిషి సంగతి బయటికి రానివ్వాలి. పది నిమిషాలు పడుతుంది. ఓపీలో పది నిమిషాలు ఎక్కడివన్నది న్యాయమైన ప్రశ్నే. దీనికి పుస్తకం ఇచ్చే జవాబు కాస్త బలహీనం. ఆచరణలో నడిచే పద్ధతి ఒకటుంది. డాక్టరు రెండు నిమిషాల్లో గుర్తుపట్టి పక్క గదిలో శిక్షణ పొందిన నర్సుకో ఎంఎల్‌హెచ్‌పీకో (మధ్యస్థాయి ఆరోగ్య ఉద్యోగి) అప్పగించాలి. ఆ పక్క గది ముందే చూసిపెట్టుకోవాలి. బడిలో శిబిరం పెడితే హెడ్మాస్టర్ గది అడగండి. చీర అడ్డం కట్టిన మూలలో ఎవరూ నోరు విప్పరు.

మూర్ఛ అధ్యాయం ఈ పుస్తకానికి గుండెకాయ. మానసిక ఆరోగ్యం గైడులో ఫిట్స్ ఎందుకనిపించొచ్చు. విపత్తులో నిజంగా ప్రాణాలు పోయేది ఇక్కడే. ఏళ్లుగా ఫిట్స్‌కు ఫీనోబార్బిటోన్ వేసుకుంటున్న మనిషి మాత్రల డబ్బా బుడమేరు నీళ్లలో కొట్టుకుపోయిందనుకోండి. హఠాత్తుగా మందు ఆగితే కొద్ది రోజుల్లోనే వరసగా ఫిట్స్ మొదలై ఆగకుండా పోయే ప్రమాదం ఉంది. కాబట్టి శిబిరం తెరిచిన మొదటి రోజే అడగాల్సింది 'ఎవరికైనా బాధగా ఉందా' అని కాదు. 'ఫిట్స్‌కు, నరాలకు, నిద్రకు, మనసుకు రోజూ మాత్రలు వేసుకునేవాళ్లు ఎవరున్నారు? ఎన్ని మిగిలాయి?' అని. ఆశా కార్యకర్త గదిగదికీ తిరిగి ఈ ఒక్క ప్రశ్న అడిగితే సగం పని అయినట్లే.

ఫిట్స్ ఐదు నిమిషాలు దాటితే పెద్దవాళ్లకు డయాజిపామ్ 10 మిల్లీగ్రాములు, నరంలోకి నెమ్మదిగా. నరం దొరక్కపోతే సూది తీసేసిన సిరంజితో మలద్వారంలోకి. కండకు ఇవ్వకూడదు, ఎక్కడం ఆలస్యమై పని చేయదు. పది నిమిషాల్లో ఆగకపోతే రెండో డోసు. మూడోది వద్దు, ఊపిరి ఆగొచ్చు, ఆంబులెన్సులో పంపేయాలి. నోట్లో చెంచా పెట్టొద్దనీ, చేతిలో తాళాలు పెడితే ఫిట్స్ ఆగవనీ మన శిబిరంలో అదనంగా చెప్పుకోవాలి. ఇక రోజువారీ మందు: ఫీనోబార్బిటోన్ పెద్దవాళ్లకు రోజుకు 60 మిల్లీగ్రాములతో మొదలు, 180 దాకా. కార్బమజెపీన్ అయితే 100–200తో మొదలు. రోగి వేసుకుంటున్న పాత మందు తెలిస్తే అదే కొనసాగించాలి. దొరికింది కదా అని మార్చకూడదు.

స్టాకు లెక్క పుస్తకం చేసిపెట్టదు, మనం వేసుకోవాల్సిందే. వెయ్యి మందిలో సుమారు ఐదుగురికి మూర్ఛ ఉంటుందనుకుంటే పది వేల మందికి 50 మంది. ఒక్కొక్కరికి 60 మిల్లీగ్రాముల మాత్రలు రోజుకు రెండు చొప్పున నెలకు 60. అంటే నెలకు 3,000 మాత్రలు. దగ్గర 30 మిల్లీగ్రాముల మాత్రలే ఉంటే ఆరు వేలు. ఇండెంటు పెట్టేటప్పుడు 'ఫీనోబార్బిటోన్ – 500' అని రాసి ఊరుకునే అలవాటు ఎక్కడ దెబ్బతీస్తుందో దీన్ని బట్టే తెలుస్తుంది.

సైకోసిస్ అధ్యాయం బాగుంది, కానీ చేతిలో ఉన్న మందులకు కుదరడానికి కొంచెం తంటాలు పడాలి. సైకోసిస్‌కు వాడే హాలోపెరిడాల్ 1.5–3 మిల్లీగ్రాములతో మొదలుపెట్టమంటారు. షెల్ఫులో ఉండేది 5 మిల్లీగ్రాముల మాత్ర. అర మాత్రతో మొదలన్నమాట. హడావుడిలో ఒకటి పూర్తిగా ఇచ్చేస్తే, ముఖ్యంగా కుర్రాళ్లలో, ఒకటి రెండు రోజుల్లో మెడ ఒక పక్కకు మెలితిరుగుతుంది, నాలుక బయటికి వస్తుంది, కళ్లు పైకి నిలబడిపోతాయి. ఇంట్లోవాళ్లకు అది గాలి సోకినట్లే కనిపిస్తుంది. మందు ఆపేస్తారు, మళ్లీ రారు. దీనికి విరుగుడుగా గైడు ముందు చెప్పే బైపెరిడెన్ మన పీహెచ్‌సీల్లో అరుదు. మన దగ్గర ఉండేది ట్రైహెక్సిఫెనిడిల్ 2 మిల్లీగ్రాములు, అత్యవసరమైతే ప్రోమెథజిన్ ఇంజెక్షన్. పట్టికలో ఆ పేరు పక్కన పెన్నుతో ఈ రెండూ రాసిపెట్టుకోండి. విరుగుడును మొదటి రోజు నుంచే అందరికీ కలిపి ఇచ్చే మన అలవాటును మాత్రం గైడు ఒప్పుకోదు. లక్షణాలు కనిపిస్తే ముందు డోసు తగ్గించి చూడమంటుంది. పుస్తకం మాటే రైటు, ముఖ్యంగా పెద్ద వయసువాళ్లలో ఆ విరుగుడు మందు మతిమరుపు, మూత్రం బిగింపు తెస్తుంది.

మద్యం విషయానికొస్తే, దుకాణం మూతపడ్డా, నీళ్లలో మునిగినా మూడో రోజుకల్లా శిబిరంలో చేతులు వణికేవాళ్లు, చెమటలు పట్టేవాళ్లు, లేనివి కనపడుతున్నాయనేవాళ్లు తేలతారు. 2020 మార్చి లాక్‌డౌన్‌లో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి వచ్చిన రద్దీ గుర్తుండే ఉంటుంది. గైడు పద్ధతి: డయాజిపామ్ రోజుకు 40 మిల్లీగ్రాముల దాకా, అంటే 10 చొప్పున నాలుగుసార్లు, 3–7 రోజులు, క్రమంగా తగ్గిస్తూ. దాంతోపాటు థయమిన్ (విటమిన్ బి1) 100 మిల్లీగ్రాములు రోజూ ఐదు రోజులు. ఈ థయమిన్ నోటి మోతాదు బాగా తాగి తిండి మానేసినవాళ్లకు చాలదనే మన సైకియాట్రిస్టులు ఎక్కువమంది అంటారు. ఇంజెక్షన్ ఉంటే అదే మేలు. ఇంకో జాగ్రత్త: ఇలాంటివాడికి 'నీరసంగా ఉన్నాడు' అని థయమిన్ లేకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకే దెబ్బ. మత్తు దిగాక వచ్చే వణుకును మలేరియా చలి అనుకోవడం, భ్రాంతుల్ని సైకోసిస్ అనుకుని హాలోపెరిడాల్ ఒక్కటే ఇచ్చి వదిలేయడం తరచూ జరిగే పొరపాట్లు. ఆఖరిసారి ఎప్పుడు తాగాడో అడిగితే రెండూ తప్పుతాయి.

డిప్రెషన్ అధ్యాయం దగ్గరే ఈ గైడుకూ మన పరిస్థితికీ పొసగదు. రాసింది దీర్ఘకాలం నడిచే శరణార్థి శిబిరాల్ని దృష్టిలో పెట్టుకుని. 2017 ఆగస్టు తర్వాత ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలు చేరిన కాక్స్ బజార్‌లో డాక్టర్లకు దీనితోనే శిక్షణ ఇచ్చారు. అక్కడ రోగి ఆర్నెల్ల తర్వాత కూడా అదే గుడారంలో ఉంటాడు. మన తుఫాను షెల్టర్లు, కల్యాణమండపాల శిబిరాలు వారం పది రోజుల్లో ఖాళీ అవుతాయి. గైడు చెప్పే యాంటీడిప్రెసెంట్ ఫ్లూక్సెటిన్ తొలి వారం 10, ఆపై 20 మిల్లీగ్రాములు. గుణం కనపడటానికి 4–6 వారాలు, తగ్గాక ఇంకో 9–12 నెలలు వాడాలి. పది రోజుల శిబిరంలో ఇది మొదలుపెట్టి ముప్పై మాత్రలు చేతిలో పెట్టి పంపిస్తే ఆ ముప్పైతోనే ఆగిపోతుంది. ఆ ఊరి పీహెచ్‌సీలో అదే మందు దొరుకుతుందని ఫోను చేసి తెలుసుకున్నాకే మొదలుపెట్టడం మంచిది. కనీసం రెండు వారాలుగా దిగులు గానీ దేనిమీదా ఆసక్తి లేకపోవడం గానీ ఉండి, నిద్ర, ఆకలి మారడం లాంటి ఇతర లక్షణాలు కొన్ని తోడై, రోజువారీ పనులు ఆగిపోతుంటేనే డిప్రెషన్ అనమంటుంది గైడు. రక్తహీనత, థైరాయిడ్ చూడమంటుంది. గతంలో ఎప్పుడైనా విపరీతమైన హుషారు, నిద్ర లేకుండా తిరగడం ఉందేమో అడగమంటుంది. ఈ చివరి ప్రశ్న చాలామంది వదిలేస్తారు. దిగులు, అతి హుషారు మారిమారి వచ్చే బైపోలార్ మనిషికి యాంటీడిప్రెసెంట్ ఒక్కటే ఇస్తే ఆ హుషారు తిరగబెట్టొచ్చు.

డిప్రెషన్‌కే వాడే ఇంకో మందు అమిట్రిప్టిలిన్ 25 మిల్లీగ్రాములు చవక, ప్రతిచోటా ఉంటుంది, రాత్రి నిద్ర కూడా పడుతుంది కాబట్టి చేయి దానిమీదికే పోతుంది. ఒకేసారి ఎక్కువ మింగితే గుండె లయ తప్పి ప్రాణం పోయే మందు అది. చనిపోవాలన్న ఆలోచన ఉన్నవాళ్లకు వారానికి సరిపడానే ఇవ్వాలి, అదీ ఇంట్లో ఇంకొకరి చేతికి. గుండెజబ్బు ఉంటే అసలు వద్దు.

ఆత్మహత్యల అధ్యాయం సూత్రాల వరకు నిక్కచ్చిగా ఉంది. 'చనిపోవాలనిపిస్తోందా? ఎలా అని ఆలోచించారా?' అని సూటిగా అడిగితే ఆలోచన పుట్టదు, బరువు దిగుతుందంటుంది. ఒంటరిగా వదలొద్దు, అందుబాటులో ఉన్న సాధనాన్ని తీసేయాలి, మొదటి రెండు నెలలు వారం వారం పలకరించాలి. పురుగుమందు తాగినవాడికి పూర్తి విషవైద్యం చేయడానికి మాత్రం ఇదొక్కటే చాలదు, దానికి వేరే పుస్తకాలున్నాయి. వరదలో పంట పోయిన ఊళ్లలో ఇది పెద్ద లోటే. చట్టం సంగతి కూడా మనమే కలుపుకోవాలి: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షన్ లేదు. కేసు భయంతో 'పొరపాటున తాగాడు' అనే ఇంట్లోవాళ్లకు ఈ మాట చెబితే అసలు సంగతి చెబుతారు.

లేనివి ఇంకా ఉన్నాయి. డిమెన్షియాకు (ముసలితనంలో వచ్చే మతిమరుపు జబ్బు) అధ్యాయం లేదు. శిబిరంలో రాత్రిళ్లు లేచి 'ఇంటికి పోదాం' అని బయల్దేరే ముసలాయన్ని ఏం చేయాలో తెలియాలంటే 2016లో వచ్చిన మామూలు ఎంహెచ్‌గ్యాప్ రెండో కూర్పు చూడాలి. పిల్లల ప్రవర్తన సమస్యలూ అందులోనే. దుఃఖం అధ్యాయం పొట్టిదే కానీ మర్యాదగా ఉంది: మందులివ్వొద్దు, కర్మకాండలు జరిపించుకునేలా సాయపడండి అంటుంది. శవం దొరకనివాళ్లకు ఇది ఎంత పెద్ద విషయమో సముద్ర తీరంలో చెప్పనక్కర్లేదు. ఇంకోటి, మందుల మోతాదులన్నీ 2015 నాటివి. ఎంహెచ్‌గ్యాప్ మార్గదర్శకాల్ని 2023లో నవీకరించారు కాబట్టి రెండూ పక్కన పెట్టుకుని చూడటం మేలు.

మేనేజర్ల కోసం రాసిన పేజీలు చాలామంది తిప్పేస్తారు. అవే పథకం నిలబడుతుందో లేదో తేల్చేవి. ఏకాంతంగా మాట్లాడే చోటు, ప్రతి తరగతి నుంచి కనీసం ఒక మందు, రికార్డుల్లో వేరే గడులు, శిక్షణ తర్వాత పర్యవేక్షణ. నాలుగైదు రోజుల శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్లు పంచి వదిలేస్తే మూడు నెలలకు అందరూ మళ్లీ బి–కాంప్లెక్స్ సూదికే వస్తారు. నెలకొకసారైనా జిల్లా సైకియాట్రిస్టు వచ్చి డాక్టరు పక్కన కూర్చుని నలుగురైదుగురు రోగుల్ని కలిసి చూడాలి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వాహనం, ఇంధనం ఈ పనికి వాడుకోవచ్చు. 2022లో వచ్చిన శిక్షణ మాన్యువల్ ఉచితంగానే దొరుకుతుంది. నటించి నేర్చుకునే అభ్యాసాలు అందులో బాగున్నాయి, స్లైడ్లు మాత్రం మరీ ఎక్కువ.

అనువాదం కోసం ఇంట్లోవాళ్లను వాడొద్దని గైడు చెప్పేది హైదరాబాద్‌లో బాలాపూర్ చుట్టుపక్కల రోహింగ్యా బస్తీల్లో పనిచేసేవాళ్లకు, ఇటుక బట్టీల్లో ఒడియా కూలీల్ని చూసేవాళ్లకు నేరుగా వర్తిస్తుంది. భర్త అనువదిస్తుంటే భార్య ఇంట్లో దెబ్బల సంగతి చెప్పదు. మనిషి దొరకనప్పుడు టెలీ మానస్ 14416 ఉంది. 2022 అక్టోబరులో మొదలైన ఈ ఉచిత ఫోను సేవ తెలుగుతోపాటు చాలా భారతీయ భాషల్లో మాట్లాడుతుంది. శిబిరం గోడ మీద ఆ నంబరు పెద్ద అక్షరాల్లో రాయించండి, కానీ ఫోను చార్జింగు పాయింటు పక్కనే రాయించండి.

తెప్పించుకునే కిట్ల సంగతి. విపత్తు ఆరోగ్య కిట్లు పది వేల మందికి మూడు నెలలకని తయారవుతాయి. డయాజిపామ్, ఫీనోబార్బిటోన్ నియంత్రిత మందులు కావడంతో దిగుమతి అనుమతి దగ్గర ఆగిపోవడం, అవి లేకుండానే కిట్టు రావడం మామూలే. డబ్బా అందగానే జాబితా చూసి ఈ రెండూ ఉన్నాయో లేదో ముందు లెక్కపెట్టండి. లేకపోతే స్థానికంగా జిల్లా స్టోరు నుంచి అదే రోజు ఇండెంటు పెట్టాలి.

ప్రింటు తీయించేవాళ్లకు: ఏ4 సైజులో, రెండు వైపులా, స్పైరల్ బైండింగ్ చేయించండి. వానాకాలం శిబిరాలకు మందుల పట్టికలు, ఫిట్స్ పేజీ, మద్యం పేజీ లామినేషన్ చేయించి విడిగా తాడుకు వేలాడదీయండి. వారం రోజుల శిబిరానికి ఒత్తిడి, మూర్ఛ, సైకోసిస్, మద్యం, ఆత్మహత్య అధ్యాయాలు చాలు. మిగతావి ఆ ఊరి పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరు చేతిలో పెట్టండి. సైకియాట్రీ పీజీలకు ఇందులో కొత్తగా దొరికేదేమీ లేదు. స్వచ్ఛంద సంస్థల వలంటీర్లు దీన్ని చదివి మందులు పంచడానికి బయల్దేరకూడదు, వాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థదే 2011 నాటి మానసిక ప్రథమ చికిత్స గైడు సరిపోతుంది.